నలభై ఒకటో ఇంటి లెక్క

విడుదల 58. నోట్స్ చదివిన రోజు

ఈసారి కొత్త ఫీచర్ ఒక్కటే. నోట్స్‌లో ఇలా రాశాను: "ఇకనుంచి ఇంట్లో ఎందరున్నారో ఎవరూ చెప్పనక్కర్లేదు. మీ అలవాట్లను బట్టి ఊపిరే గుర్తుపడుతుంది. పైకి డ్యూటీకి పోయినవాళ్ళ వాటా గాలి ఇకపై ఆగదు."

మూడు వాక్యాలు. అంతకు మించితే వినేవాళ్ళు దగ్గడం మొదలుపెడతారు.

ఊపిరి మా గనిలో ఇంటింటికీ గాలి పంచే సాఫ్ట్‌వేర్. పైన ఎండకు నిలవలేక జనం ఈ పాత గ్యాలరీల్లోకి దిగినప్పటి నుంచీ నడుస్తోంది. ఏ ఒక్కరిదీ కాదు. పదకొండు గనుల వాళ్ళు కలిసి రాసుకుంటారు. కోడ్ ఎవరైనా తెరిచి చూడొచ్చు గానీ చూసేవాళ్ళు తక్కువ, అందుకని నోట్స్. ఫ్యాన్ హౌస్ ముందు అందరూ కూర్చున్నాక పైకి చదువుతారు. ఇంటికొకరు లేచి "విన్నం" అనాలి. ఒక్క ఇల్లు అనకపోయినా ఆ విడుదల నడవదు.

రాసినవాడు చదవకూడదన్నది కూడా కట్టుబాటే. నేను రాసేవాణ్ణి, నా భార్య భూలక్ష్మి చదివేది. ఇప్పుడు ఫ్యాన్ హౌస్ చూసుకునే మదునమ్మ చదువుతోంది. అద్దాలు కాసేపు ముక్కు మీద, కాసేపు నెత్తి మీద. ఫీచర్ అన్న మాట వచ్చినప్పుడల్లా ఎవరో కొత్త చుట్టం వచ్చినట్టు ఆగి చూస్తుంది.

అందరూ విన్నామన్నారు. నలభై ఒకటో ఇంటి తరఫున నేను లేచాను.

58 నడుస్తున్న మొదటి వారం

తలుపు పక్క మనుషుల లెక్క బోర్డు మీద రెండు అని చూపిస్తోంది.

భూలక్ష్మి పోయి ఒక వేసవి దాటింది. సోలార్ పలకలు కడిగే డ్యూటీలో ఎండదెబ్బ తగిలింది. పైనే దహనం చేశాం. కిందికి తేనివ్వరు.

అంజుమ్‌కి రాశాను. ఈ అలవాటు లెక్క రాసింది ఆమే. నాలుగు గనుల అవతల ఉంటుంది. ఆరేళ్ళుగా ఆమె కోడ్‌కి నేను నోట్స్ రాస్తున్నాను, మనిషిని చూడలేదు. ఇళ్ళల్లో ఏళ్ళ తరబడి నమోదైన కదలికలు చూసి కొత్తగా నేర్చుకుంటోంది ఓదెలు భాయ్, కొన్నాళ్ళు ఆగండి అంది. ఇదివరకు ఎవరి ఇంటి లెక్క వాళ్ళే చెప్పేవాళ్ళు. ఎక్కువ గాలి కోసం లేని బావమరుదుల్నీ మేనత్తల్నీ చెప్పేవాళ్ళు. మనుషులు అబద్ధమాడతారు, అలవాట్లు ఆడవు అన్నది అంజుమ్ వాదం. నాకూ సబబనిపించే 58కి నోట్స్ రాశాను.

ఆగాను. ఫిల్టర్ గుడ్డ ఉతికాను. బొగ్గు నుసి వదలడానికి చాలా నీళ్ళు పట్టాయి. జొన్నరొట్టె చేసుకున్నాను.

పైషిఫ్టు దిగే వేళకు గుమ్మం దీపం వెలిగింది. ఇంటికి ఎవరైనా రాబోతుంటే ఊపిరి ఆ దీపం వేస్తుంది. పాత ఫీచరే. గాలి మూత తెరుచుకుంది, ఇంకో మనిషికి సరిపడేంత. ఆ గాలికి గుమ్మం కర్టెన్ లోపలివైపు ఒంగి మళ్ళీ సర్దుకుంది.

గిన్నెలు తోముతున్నవాణ్ణి ఆగి చూశాను. తర్వాత మిగిలినవి తోమాను.

విడుదల 58.1

చిన్న విడుదల. "ఇంట్లో మాటలు నడిచే వేళ గాలి మూత దగ్గర ఫ్యాన్ చప్పుడు తగ్గుతుంది." చాలామంది అడిగిన ఫీచర్. ఈ ఫ్యాన్ల హోరులో సగం సంసారాలు చేతి సైగల మీద నడుస్తున్నాయని భూలక్ష్మి అనేది.

ఏ ఇంట్లో ఎప్పుడు మాట్లాడుకుంటారో నేర్చుకుని ముందుగానే చప్పుడు తగ్గిస్తుంది. బాగా పనిచేస్తోంది.

మా ఇంట్లో తినే వేళకు తగ్గుతుంది. ఒక వాక్యం పట్టేంత సేపు తగ్గి మళ్ళీ పెరుగుతుంది. మళ్ళీ తగ్గుతుంది. ఈసారి ఎవరి వంతో తెలిసినట్టే ఉంటుంది. నేను మాట్లాడను. కాసేపు చూసి పెరుగుతుంది.

నాలుగైదు రోజులు అలాగే తిన్నాను. నిన్న, చప్పుడు తగ్గినప్పుడు, కూరలో ఉప్పు తక్కువైంది అన్నాను. వండింది నేనే.

ఆ తర్వాత నిశ్శబ్దం చాలా సేపు ఉంది. ఉప్పు సంగతి ఎత్తితే భూలక్ష్మి ఎప్పుడూ పొడుగు జవాబే ఇచ్చేది.

ఇది అంజుమ్‌కి రాయలేదు.

58.1 నడుస్తున్న రెండో నెల

మా ఇల్లొక్కటే కాదు. మదునమ్మ తన దగ్గరున్న పెద్ద బోర్డు చూసి చెప్పింది. పన్నెండు ఇళ్ళలో ఉన్నవాళ్ళకన్నా లెక్క ఎక్కువ. పన్నెండూ ఎవరో ఒకరు పోయిన ఇళ్ళే.

"గనిల పోయినోళ్ళందరు మళ్ళ కాపురానికొచ్చిన్రు ఓదెలూ," అంది. "ఫ్యాన్ చూస్తే పాతదే. ఎంతమందిని సాకుతది?"

పన్నెండు ఇళ్ళలో ఒక్కటీ ఫిర్యాదు చేయలేదు. చేయమని నేనూ ఎవరికీ చెప్పలేదు.

పక్కింటి రాజలింగు తల్లి మల్లవ్వ పోయి రెండేళ్ళు. ఆమె మంచం అలాగే ఉంచాడు. పొద్దున ఆ మంచం దగ్గర చాయ్ గ్లాసు పెట్టి డ్యూటీకి పోతాడు. పెళ్ళాం స్వరూప దాన్ని మధ్యాహ్నం పారబోస్తుంది. ఇదివరకు సిగ్గుపడుతూ పెట్టేవాడట. ఇప్పుడు గ్లాసు పెట్టగానే మంచం వైపు గాలి వస్తోంది, గ్లాసు మీది పొగ పక్కకు వంగుతోంది. ఆ సంగతి నాకు చెబుతున్నప్పుడు రాజలింగు ముఖం చిన్నపిల్లవాడి ముఖంలా ఉంది. మా ఇంట్లో ఉప్పు సంగతి అతనికి చెప్పలేదు.

ఉన్న గాలినే ఇంకా ఎక్కువ వాటాలు వేస్తోంది ఊపిరి. మూడో గ్యాలరీ మెట్ల మీద పిల్లలు ఆయాసంతో మధ్యలో కూర్చుని లేస్తున్నారు. నేనూ నీళ్ళ బిందె రెండుసార్లు దించాల్సి వస్తోంది.

58.1 నడుస్తున్న మూడో నెల

స్వరూపకు ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండకముందే. వాళ్ళింటి బోర్డు నాలుగు దగ్గరే ఉంది. రాజలింగు, స్వరూప, పెద్దపిల్లాడు, మల్లవ్వ.

పాప లెక్కలో లేదు. మల్లవ్వ వాటా గాలి ఆమె చాయ్ వేళకే మంచం మీదికి వచ్చి ఆగిపోతోంది. పెదాలు నీలంగా ఉన్నాయని మంత్రసాని చెప్పింది. మూత తెరుచుకునేలా చేయడానికి రాజలింగు కర్రతో కొట్టి చూశాడు.

అంజుమ్‌కి వెంటనే రాశాను. జవాబు రావడానికి సగం రోజు పట్టింది. ఆమె ఎప్పుడూ అంత సేపు తీసుకోదు.

"భాయ్, పాపకు ఇంకా అలవాట్లు లేవు. ఏ వేళకు లేస్తుందో, ఎటు తిరుగుతుందో, ఎవరితో మాట్లాడుతుందో ఊపిరికి ఏమీ దొరకడం లేదు. ఆ ముసలావిడవి నలభై ఏళ్ళ అలవాట్లు. ఆమె పోయినా ఇంట్లోవాళ్ళు ఆమె చుట్టూనే నడుస్తున్నారు. ఇది నాకు తట్టలేదు."

పాపను మదునమ్మ ఫ్యాన్ హౌస్‌కి తీసుకుపోయింది. పెద్ద గొట్టం పక్కన తొట్టిలో పడుకోబెట్టింది. అక్కడ గాలికి కొదవలేదు. కానీ అది ఇంకా వడకట్టని గాలి. నుసి ఉంటుంది. రెండో రోజుకే పాప దగ్గడం మొదలుపెట్టింది. పిల్లి తుమ్మినంత చిన్న చప్పుడు. స్వరూప పచ్చి ఒంటితో పాలివ్వడానికి మెట్లెక్కి దిగుతోంది.

ఇట్ల ఎన్ని రోజులు అని మదునమ్మ అడిగింది. కొత్త విడుదల వచ్చేదాకా అన్నాను. మరి జల్ది రాయరాదు అంది, విడుదల నా చేతిలో ఉన్నట్టు.

ఒక రకంగా నా చేతిలోనే ఉంది.

విడుదల 59. మొదటి ముసాయిదా

అంజుమ్ కోడ్ పంపింది. ప్రతి ఇంట్లో గాలి మూత కింద శ్వాస గిన్నె ఒకటి ఉంటుంది. మనుషుల ఊపిరి తగిలితే ఎందరున్నారో దానికి తెలుస్తుంది. నుసి పట్టి ఎప్పుడో మూగబోయాయని ఎవరూ వాటిని పట్టించుకోవడం లేదు. 59 మళ్ళీ ఆ గిన్నె మాటే వింటుంది. ఇంట్లో ఊపిరి తీస్తున్నవాళ్ళు, గేటు దాటి డ్యూటీకి పోయి ఆ షిఫ్టుకు తిరిగి రావాల్సినవాళ్ళు. ఇంకెవరూ లెక్కలో ఉండరు. అలవాట్లు పేరు గుర్తుపట్టడానికి మాత్రమే.

మదునమ్మ దగ్గర గొట్టం పక్కన ఉన్న పాపకు ఇది చాలు. దాని ఊపిరి చిన్నదైనా గిన్నెకు తెలుస్తుంది.

నా ముసాయిదా: "గాలి లెక్కలో కొన్ని సవరణలు చేశాం. మీరు చేయాల్సింది: మూత కింద గిన్నెను తడిగుడ్డతో తుడవండి."

పొద్దుటి నుంచి ఈ రెండు వాక్యాలు చూస్తున్నాను. తప్పు లేదు. ఎవరూ అడ్డు చెప్పరు. ఇలాంటి వాక్యాలు అన్ని సాఫ్ట్‌వేర్ల నోట్స్‌లోనూ ఉంటాయి, ఎవరూ చదవరు.

స్వరూప వచ్చింది. పాలిచ్చి పోతూ మా గుమ్మంలో గోడకు ఆనుకుని నిలబడింది. కూర్చోమంటే కూర్చుంటే లేవలేనంది.

"అన్నా, కొత్తదాంట్ల మా అత్త పోతదంటగదా," అంది.

అవునన్నాను.

"మా ఆయన వింటే ఒప్పుకోడు. లేవడు. ఆయన లేవకుంటే ఎవ్వరికీ రాదు. ఆయనకు తెల్వకుండ రాయి."

అతనికి తెలియకుండానే రాశానని ఆమెకు చూపించాను. చదువుకుంది. తల ఊపింది.

"గిన్నె తుడుసుడు ఎవలైన జేస్తరు. ఆయనతోటే తుడిపిస్త," అంది. పోతూ పోతూ ఆగింది. "నీకూ కష్టమే గదన్నా. వదిన..."

మాట పూర్తి చేయలేదు. సరిగ్గా అప్పుడే ఫ్యాన్ చప్పుడు తగ్గింది. స్వరూప నా వైపు, తర్వాత ఖాళీగా ఉన్న పీట వైపు చూసింది. కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది.

విడుదల 59. రెండో ముసాయిదా

ఆమె అన్న మాట పోవడం లేదు. ఆయనతోటే తుడిపిస్త.

ఆ ముసాయిదా చదివితే జరిగేది ఇదీ. రాజలింగు డ్యూటీ నుంచి వచ్చి స్టూలెక్కి, ఇల్లు శుభ్రం చేస్తున్నానని అనుకుంటూ గిన్నె తుడుస్తాడు. పొద్దున గ్లాసు పెడతాడు. గాలి రాదు. ఏం జరిగిందో కొన్నాళ్ళకు ఎవరో ఒకరు చెబుతారు. ఏ చేత్తో చేశాడో కూడా అప్పుడే తెలుస్తుంది. పన్నెండు ఇళ్ళలోనూ అంతే. అందరి చేతికీ తడిగుడ్డ ఇచ్చేవాణ్ణి నేనవుతాను.

స్పష్టంగా రాస్తే రాజలింగు లేవకపోవచ్చు. పాప ఆ నుసిలోనే ఉంటుంది. ఎన్నాళ్ళుంటుందో మంత్రసాని చెప్పడం లేదు.

మొదటి ముసాయిదా భూలక్ష్మి చేతికి వచ్చి ఉంటే చదివేది కాదు. "కొన్ని సవరణలంటే ఎన్ని? ఏంది?" అని కాగితం నా ఒళ్ళో పడేసి రొట్టెల పిండి కలుపుకునేది. నేను తిరగరాసేదాకా అన్నం పెట్టేది కాదని కాదు, పెట్టేది, మాట్లాడేది కాదు.

కొట్టేసి మళ్ళీ రాశాను. పక్కింటివాళ్ళ సంగతి రాసే హక్కు నాకు లేదు. మా ఇంటి సంగతి రాశాను.

స్వరూపకు చెప్పాలి కాబట్టి ఫ్యాన్ హౌస్‌కి వెళ్ళి చెప్పాను. ఆమె పాపకు జోల పాడుతూ నా వైపు చూడకుండా కూర్చుంది. మదునమ్మ నన్ను బయటికి పంపింది.

విడుదల 59. నోట్స్ చదివిన రోజు

మదునమ్మ పాపను ఒళ్ళో పెట్టుకునే చదివింది. వద్దన్నా వినలేదు. గొట్టం దగ్గర ఒక్కదాన్నే ఎట్ల పండవెట్టాలె అంది. ఆమె చదివింది ఇదీ:

"అలవాటు లెక్క పోతుంది. శ్వాస లెక్క వస్తుంది. చనిపోయినవాళ్ళు లెక్కలో ఉండరు. నలభై ఒకటో ఇంట్లో ఇద్దరున్నారని ఊపిరి అంటోంది. ఉన్నది ఒక్కడు. రెండోది భూలక్ష్మి. 59లో ఆమె పోతుంది. మీరు చేయాల్సింది: మూత కింద శ్వాస గిన్నెను తడిగుడ్డతో తుడవాలి. తుడిచాక వాళ్ళ కోసం దీపం వెలగదు, మూత తెరుచుకోదు, ఫ్యాన్ చప్పుడు తగ్గదు. తెలిసి తుడవండి."

ఇళ్ళ వరసన లేవడం మొదలైంది. ఎవరూ పోని ఇళ్ళు త్వరగా లేచాయి. నా వంతు వచ్చింది. లేచి విన్నామన్నాను.

నలభై రెండో ఇల్లు. రాజలింగు లేవలేదు. స్వరూప అతని పక్కన నేల వైపు చూస్తూ ఉంది. అతని తర్వాత లేవాల్సినవాళ్ళు కూడా అతన్నే చూస్తున్నారు. పాప దగ్గింది. పెద్ద ఫ్యాన్ చప్పుడులో కూడా అందరికీ వినిపించింది.

"ఇంకోసారి సదువు," అన్నాడు రాజలింగు.

మదునమ్మ మళ్ళీ చదివింది, ఈసారి మెల్లగా.

"ఇందుల మా అమ్మ పేరేది?" అన్నాడు. నన్నే అడుగుతున్నాడు.

మీ ఇంటి సంగతి నేను రాయకూడదనుకున్నానని చెప్పాను.

"నీ పెండ్లాం పేరు రాసుకున్నవు. మా అమ్మ ఊరు పేరు లేకుండ పోవాల్నా? పన్నెండో ఏట గనిల దిగింది. మీ అందరి పొయ్యిలకు బొగ్గు మోసింది. ఆమె పేరు రాయి, అప్పుడు లేస్త."

మదునమ్మ నాకు కాగితం అందించింది. "మల్లవ్వ, నలభై రెండో ఇల్లు" అని రాశాను. బొగ్గు మోసిన సంగతి కూడా రాయమన్నాడు. రాశాను. అప్పటికి వెనక నుంచి ఇంకో గొంతు, మా తమ్ముడు సమ్మిరెడ్డి, ఇరవై తొమ్మిదో ఇల్లు అంది. తర్వాత ఇంకొకటి. ఒక ముసలాయన తన పెళ్ళాం పేరు చెప్పి, ఇంకేమన్నా చెప్తావా అంటే చాలాసేపు ఆలోచించి, బాగా ఈలేసేది అన్నాడు. అదీ రాశాను. నోట్స్‌లో ఎవరు ఏ పని చేశారో పేర్లు వేయడం మామూలే. ఇన్ని పేర్లు ఎప్పుడూ వేయలేదు.

కాగితం వెనక వైపు కూడా నిండింది. మదునమ్మ మొదటి నుంచి అంతా మళ్ళీ చదివింది. ఎవరూ దగ్గలేదు, పాప తప్ప.

రాజలింగు లేచాడు. విన్నం అని, మదునమ్మ ఒళ్ళోంచి బిడ్డను తీసుకుని ఇంటికి నడిచాడు. స్వరూప వెనక పరుగెత్తింది, తడిగుడ్డ నేను తుడుస్త అంటూ. నేనే తుడుస్త అని అతను అనడం వినిపించింది.

59 నడుస్తున్న మొదటి వారం

వాళ్ళ బోర్డు మళ్ళీ నాలుగే. ఇప్పుడు నాలుగోది పాప. దగ్గు తగ్గింది. ఏడుపు గోడ దాటి వస్తోంది. మల్లవ్వ మంచం మీద పాప గుడ్డలు ఆరేశారు.

మా గిన్నె నేను తుడిచాను. స్టూలు ఊగింది. గుడ్డ నల్లబడింది. బోర్డు ఒకటికి మారింది. తినే వేళకు ఫ్యాన్ ఒకే తీరున మోగింది. చివరి దాకా తిన్నాను.

గుమ్మం దీపం వెలగలేదు.

59 నడుస్తున్న రెండో వారం

బోర్డు మీద పేర్ల మీట ఎవరూ నొక్కరు. మరమ్మతుకు వచ్చిన కుర్రవాడు నొక్కి, కాకా ఇదేంది అని నన్ను పిలిచాడు.

ఒకటి. భూలక్ష్మి.

దాని కింద చిన్న అక్షరాలతో: ఓదెలు, కనిపించడం లేదు.

అంజుమ్‌కి పంపాను. ఈసారి వెంటనే జవాబు వచ్చింది. ఊపిరి తీస్తున్నది మీరే భాయ్, అందులో అనుమానం లేదు, పేరు మాత్రం అలవాట్లను బట్టి పెట్టింది అంది. నలభై ఒకటో ఇంట్లో ఉన్న మనిషి తెల్లవారకముందే నీళ్ళ లైనుకు పోతాడు. వచ్చి ఫిల్టర్ గుడ్డ ఉతుకుతాడు. పొయ్యి ముందు ఎడమవైపు కూర్చుంటాడు. గాలి తగిలేవైపు పడుకుంటాడు. అవన్నీ భూలక్ష్మి పేరు మీద ఉన్న అలవాట్లు. ఓదెలు అనేవాడు పొద్దెక్కి లేచేవాడు, తిన్న కంచం అక్కడే వదిలేసేవాడు, రాసుకుంటూ అటూ ఇటూ తిరిగేవాడు. ఆ మనిషి జాడ వేసవి నుంచి లేదట.

ఆమె చివరలో అడిగింది: "ఒక్క లైన్ మారుస్తే మీ పేరు వస్తుంది. మార్చమంటారా?"

మూడు రోజులు జవాబివ్వలేదు. నీళ్ళకు వెళ్ళాను. గుడ్డ ఉతికాను. నాకు ఇవి ఎప్పుడు అలవాటయ్యాయో తెలియదు. నేనెలా నడిచేవాణ్ణో గుర్తు తెచ్చుకోవడానికి గదిలో కాసేపు అటూ ఇటూ తిరిగి చూశాను. కాళ్ళు పొయ్యి దగ్గరికే పోయాయి.

విడుదల 59.1. నోట్స్

కొత్త ఫీచర్లు లేవు. శ్వాస గిన్నెను నెలకోసారి తుడిస్తే చాలు.

తెలిసిన లోపాలు: నలభై ఒకటో ఇంట్లో ఉన్న మనిషి పేరు బోర్డు మీద వేరేగా కనిపిస్తోంది. దీనివల్ల ఎవరి వాటా గాలీ తగ్గదు. సరిచేయడం సులువే. ఇంటివాళ్ళు వద్దన్నారు.